ఉప్పు తక్కువైందని ఎవరనాలి?

మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే ఎవరమూ ఊరుకునేవాళ్ళం కాదు. నేను, భాయ్, ఆపా అందరం ఒక్కసారే అమ్మీ మీద పడేవాళ్ళం. దస్తర్‌ఖాన్ మీద మెహమాన్ కూచున్న రోజు కూడా అంతే. ఆ మెహమాన్ మాత్రం చప్పిడి కూరే తింటూ "బహుత్ అచ్ఛా బనా" అనేవాడు. ఒకసారి అట్లాగే ఒకాయన తిని వెళ్ళిపోయాక, పరాయి మనిషి ముందు పరువు తీశారని అమ్మీ మమ్మల్ని దులిపేసింది. అబ్బా నవ్వి, "ఇంటోళ్ళు గనకనే అన్నరు. అననోడు మెహమాన్" అన్నారు.

ఆ మాటతో ఆరోజు మాకు దెబ్బలు తప్పాయి. అంతకుమించి అందులో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఇరవయ్యారేళ్ళు వచ్చి, మూడేళ్ళు పరదేశంలో బతకాల్సి వచ్చింది.

మా ఊరు బీర్కూర్. మంజీర ఒడ్డు. మొన్నటిదాకా నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఏరు దాటితే బిచ్కుంద, ఆపైన మద్నూరు. అటు పోయినకొద్దీ మరాఠీ, కన్నడం చెవిన పడుతుంటాయి. మా ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, అంగట్లో ఏ భాషలో బేరం కుదిరితే ఆ భాష. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ ప్రాజెక్టే మా అన్నం. దాని తూము చివర మాకు మూడెకరాలు ఉండేవి. తూము చివరి భూమి అంటే ఏమిటో రైతుకు విడమర్చి చెప్పక్కర్లేదు. పైవాళ్ళ మళ్ళు నిండాక, దేవుడు గుర్తుచేసుకుంటే నీళ్ళొస్తాయి. ఆపా పెళ్ళి, రెండు ఎండిన పంటలు, వాటి మీద అప్పు. నేనేమో బీఏ చదివి, ఒక ఉర్దూ పత్రికకూ ఒక తెలుగు పత్రికకూ వార్తలు రాస్తూ బస్సు చార్జీలు సంపాదిస్తున్నాను. 2005లో ఏజెంటుకు 60 వేలు కట్టి సౌదీ విమానమెక్కాను.

మా జిల్లాలో ఇది వార్త కాదు. ప్రతి వాడలోనూ ఒక దుబాయోడు ఉంటాడు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, రియాద్ పోయినా మా ఊళ్ళో దాని పేరు దుబాయే. కథలన్నీ నగరాలవే వినబడతాయి, పెద్ద బిల్డింగులు, మాల్‌లు. నన్ను తీసుకెళ్ళి దింపింది మాత్రం ఒక పల్లెలో. రియాద్‌కు ఆగ్నేయంగా 80 కిలోమీటర్ల దూరంలో అల్ ఖర్జ్ ఉంది. ఆ ప్రాంతంలోనే ఇంకా లోపలికి పోతే ఒక మజ్రా. మజ్రా అంటే పొలం. డీజిలు, ఎరువులు, గడ్డి మోపుల లెక్కలు రాయడం నా పని. నెలకు 900 రియాళ్ళు.

నీళ్ళు వెతుక్కునే రైతు కొడుకుని కదా, అక్కడి సేద్యం చూసి నోరెళ్ళబెట్టాను. మన దగ్గర మడి అంటే నాలుగు మూలలుంటాయి. అక్కడ పొలం గుండ్రంగా ఉంటుంది. నడుమ ఒక బోరు, దానికి పొడుగాటి ఇనుప చెయ్యి, ఆ చెయ్యి చక్రాల మీద గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. అడుగున వేల ఏళ్ళనాటి నీళ్ళు. తోడితే మళ్ళీ ఊరవు. ఆ నీళ్ళతోనే 1980లలో సౌదీ అరేబియా తన గోధుమలు తాను పండించుకుని ఎగుమతి కూడా చేసింది. ఆ లెక్క ఎక్కువకాలం నిలవలేదు. రైతుల దగ్గర గోధుమల కొనుగోలు ఏటా 12.5 శాతం చొప్పున తగ్గించి 2016కల్లా ఆపేస్తామని 2008లో ప్రభుత్వం ప్రకటించింది. నేను అదే ఏడాది తిరిగొచ్చాను.

పరదేశం అనగానే కన్నీళ్ళే రాయాలన్న అలవాటు ఒకటుంది మనకు. నేనూ పత్రికల్లో అట్లాగే రాశాను. కానీ ఆ మజ్రాలో నేను సంతోషంగా ఉన్న రోజులు చాలా ఉన్నాయి. వాటిని దాచిపెడితే అబద్ధం ఆడినట్టే.

కఫీల్ తండ్రి ముసలాయన. అసర్ నమాజ్ అయ్యాక ఖర్జూరం చెట్ల కింద కూచుని గహ్వా తాగేవాడు. అరబ్బులు పెద్దవాళ్ళను గౌరవంగా 'అమ్మీ' అంటారు, అంటే బాబాయి అని అర్థం. గుబురు గడ్డం ఉన్న మనిషిని అమ్మీ అని పిలవడానికి మొదట్లో నవ్వు ఆగేది కాదు. ఎందుకు నవ్వుతున్నానో ఒకరోజు చెప్పాను. అప్పట్నుంచి ఆయనే నన్ను చూసి "నీ అమ్మీ వచ్చింది" అనేవాడు. మా ఊరి ఏరు గురించి అడిగి అడిగి చెప్పించుకునేవాడు. ఏడాది పొడుగునా నీళ్ళు పారతాయా అన్నాడు. లేదు, చాలా నెలలు ఇసుకే, ఆ ఇసుకను లారీల్లో హైదరాబాద్‌కు తోలి అమ్ముతారు అన్నాను. గహ్వా ఫింజాన్ కింద పెట్టాడు. "ఇసుకకు డబ్బులిస్తారా?" అన్నాడు. మనవళ్ళను కేకేసి మరీ చెప్పాడు, హిందీవాళ్ళు ఇసుక కొనుక్కుంటారంట అని. చుట్టూ కనుచూపుమేర ఇసుక. అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఇంకొకటి. బిచ్కుంద నుంచి వచ్చిన అన్న ఒకాయన నా గదిలోనే ఉండేవాడు. ఇంటినుంచి తెచ్చిన ఎర్ర పుంటికూర విత్తనాలను పైపు లీకయ్యే మూల చల్లాడు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. మేం ఆకు తెంపుకుంటుంటే ఒక సుడాన్ మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఇది మా కర్కడే! మీరు ఆకు తింటారా?" వాళ్ళు దాని పువ్వు కింది ఎర్ర దొప్పలు ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారు. ఒకే మొక్క ఆకు మాది, దొప్ప వాళ్ళది అని పంపకం కుదిరింది. పుంటికూర పప్పు వండుకున్న ఆ శుక్రవారం రాత్రి మా గదిలో ముగ్గురు తెలుగువాళ్ళం, ఒక బంగ్లాదేశ్ పిల్లవాడు, సుడాన్ మనిషి ఉన్నాం. ఖుబూస్‌తో పుంటికూర పప్పు బాగానే ఉంటుందని ఆ రాత్రే తెలిసింది.

ఈ సంతోషాలన్నీ నిజమే. ఎవరూ వాటికి అడ్డు చెప్పలేదు. అడ్డు ఎక్కడ వచ్చిందంటే, కష్టం చెప్పుకునే దగ్గర.

మేనేజరును ముదీర్ అనేవాళ్ళం. ఆయన వారానికోసారి వచ్చి భోజనం ఎట్లా ఉంది, గది ఎట్లా ఉంది అని అడిగేవాడు. దానికి ఒకటే జవాబు. "మియ్యా మియ్యా." నూటికి నూరు. ఏసీ పాడై పది రోజులైనా మియ్యా మియ్యా. నీళ్ళ ట్యాంకులో పురుగులున్నా మియ్యా మియ్యా. ఒకసారి మూడు నెలలు జీతం రాలేదు. నాలుగో నెల కరీంనగర్ పిల్లవాడొకడు ధైర్యం చేసి అడిగాడు. ముదీర్ కోప్పడలేదు, కొట్టలేదు. చాలా శాంతంగా, "నీకు ఇక్కడ ఇష్టం లేదా? టికెట్ తీయమంటావా?" అన్నాడు. పిల్లవాడి ఇంటిమీద అప్పుంది. వాడు నవ్వి "లా, లా, మియ్యా మియ్యా" అన్నాడు. ఆ నవ్వు చూశాక రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇష్టం లేకపోతే పో అనే మాటలో వినేవాడికి స్వేచ్ఛే కనబడుతుంది, నిన్ను పట్టుకుని కట్టేసిందెవరు అని. పాస్‌పోర్టు మాత్రం కఫీల్ బీరువాలో ఉంటుంది. చెప్పకుండా వెళ్ళిపోతే మావాళ్ళ భాషలో ఖల్లివెల్లి. ఇఖామాకు విలువుండదు, దొరికితే జైలు. మా దాదీ పోయినప్పుడు నేను ఆ బీరువా వైపు చూస్తూ కూచున్నాను. ఫోన్‌లో అబ్బా, "మట్టి అయిపోయింది బేటా, నువ్వు దువా చెయ్యి" అన్నారు. "నువ్వు బాగున్నవా?" అనడిగారు. బాగున్నానన్నాను. ఇంటికీ మియ్యా మియ్యానే. దుబాయోడు రెండు చోట్లా షికాయత్ చేయలేడు, అక్కడ భయానికి, ఇక్కడ ప్రేమకు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం యజమాని అనుమతి లేకుండానే కొలువు మారవచ్చని, దేశం దాటవచ్చని వెసులుబాట్లు తెచ్చింది. చాలామందికి మేలు జరిగింది. కానీ ఆ వెసులుబాట్లు తెచ్చినప్పుడు ఇంటిపనివాళ్ళనూ డ్రైవర్లనూ తోటమాలులనూ పొలంలో పనిచేసేవాళ్ళనూ బయటే ఉంచారు. మజ్రా మళ్ళీ తూము చివరే.

నేను ముస్లింని కదా, ముస్లిం దేశంలో నాకు పరాయితనం ఏమిటని మా ఊళ్ళో కొందరు హిందూ మిత్రులు అడిగారు. కొందరు ముస్లింలు కూడా అడిగారు. జవాబు చెప్పాలి. శుక్రవారం జుమాకు కఫీల్ పక్కనే నిలబడేవాణ్ణి, ఒకే సఫ్, భుజానికి భుజం. అది నాటకం కాదు, అతను మనస్ఫూర్తిగానే నిలబడేవాడు. సలాం తిప్పి బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేసరికి నేను మళ్ళీ 'యా హిందీ'. బిచ్కుంద అన్న కూడా 'యా హిందీ'నే. వాడి గదిలో దేవుడి పటం పెట్టుకునే వీలు లేదు, నాకు నమాజుకు వీలుంది. ఆ తేడా చిన్నది కాదు, నేను దాన్ని తక్కువ చేయను. కానీ జీతం అడిగే దగ్గర మా ఇద్దరికీ ఒకటే నోరు, మూసుకున్న నోరు. ఆ దేశంలోనే కంపెనీ కాలనీల్లో అమెరికావాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళను 'ఎక్స్‌పాట్' అంటారు, మమ్మల్ని 'లేబర్' అంటారు. వాళ్ళూ పొట్టకోసం వచ్చినవాళ్ళే. తేడా ఏమిటంటే ఏసీ పాడైతే వాళ్ళు గట్టిగా అరుస్తారు.

అరబీలో 'గరీబ్' అంటే పరాయివాడు. అదే మాట ఉర్దూలోకి, అక్కణ్ణుంచి మన తెలుగులోకి వచ్చేసరికి పేదవాడు అయింది. ఒక మాట ఇంత దూరం ప్రయాణించి ఇట్లా మారడం ఊరికే జరగలేదనిపిస్తుంది నాకు. పరాయివాడి పేదరికం డబ్బుది మాత్రమే కాదు, మాటది కూడా.

మదీనా సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. మక్కానుంచి వలస వచ్చిన ముహాజిర్లను మదీనా అన్సార్లు అన్నదమ్ములుగా పంచుకున్నారు. సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానని అబ్దుర్ రహమాన్ బిన్ ఔఫ్‌తో అన్నాడు. ఆయన దువా ఇచ్చి, ఆస్తి వద్దు, బజారు ఎటో చూపించమన్నాడు. తఖ్రీర్లలో దీన్ని ఆత్మాభిమానానికి నిదర్శనంగా చెబుతారు. నిజమే. నాకు మాత్రం ఇంకోటి కూడా తోస్తుంది. సగం ఆస్తి పుచ్చుకుంటే ఆయన జీవితాంతం మెహమాన్. ఉప్పు గురించి మాట్లాడలేడు. బజార్లో అయితే బేరమాడొచ్చు, తూకం తక్కువైందని పోట్లాడొచ్చు. బజారు అడగడమంటే పోట్లాడే చోటు అడగడమే.

తిరిగొచ్చి మళ్ళీ పత్రికల్లో చేరాను. మన దేశం, మన ఊరు, ఇప్పుడు నోరారా మాట్లాడొచ్చు అనుకున్నాను. చాలా విషయాల్లో మాట్లాడాను కూడా. రోడ్డు గురించి, రేషన్ గురించి, కాలవ గురించి రాస్తే ఎవరూ ఏమనలేదు. ముస్లింగా ఒక కష్టం చెప్పినప్పుడే తేడా వచ్చేది. ఖబ్రస్తాన్ హద్దుల గురించి రాసినా, హైదరాబాద్‌లో నా పేరు విని ఇల్లు అద్దెకివ్వలేదని చెప్పినా, టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు చాలా శాంతంగానే అంటారు: "గంత కష్టమైతే అటే పోరాదు సాయిబూ." అటు అంటే పాకిస్తానో, సౌదీనో. ముదీర్ మాటే, మా ఊరి తెలుగులో. అన్నవాడు శత్రువు కాదు. రంజాన్‌కు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడే, నన్ను మామా అని పిలిచేవాడే. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు అమ్మీ ట్రంకుపెట్టె అడుగునుంచి పాత పహాణీ కాగితాలు తీసి ఎండలో ఆరబెట్టింది. తూము చివరి మూడెకరాల కాగితాలు. ఆ భూమి ఎండినప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఎన్నేళ్ళుంటే మెహమాన్ ఇంటోడవుతాడు? దీనికి మా ప్రాంతంలో ఒక అంకె ఉండేది, 15. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం బయటివాడు 15 ఏళ్ళు స్థిరంగా ఉంటే ముల్కీ అవుతాడు, కొలువులకు అర్హుడవుతాడు. 1952లో ఆ ముల్కీ హక్కుల కోసమే విద్యార్థులు తుపాకీ గుండ్లకు ఎదురునిలిచారు. ఆ పోరాటం న్యాయమైనదే, తెలంగాణ వాడిగా నాకందులో రెండో మాట లేదు. కానీ కొలువుకు సరిపోయిన 15 మనసుకు సరిపోలేదు. అందుకు సాక్ష్యం మా పక్కనే ఉన్న క్యాంపులు.

నిజాంసాగర్ నీళ్ళొచ్చాక 1930లలో కృష్ణా, గుంటూరు వైపునుంచి రైతులు వచ్చి మా చుట్టుపక్కల భూములు కొని, క్యాంపులు వేసుకున్నారు. నాతో చదివిన క్యాంపు పిల్లల తాతలు ఇక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళు అండీ అంటే మేం వెక్కిరించేవాళ్ళం. కాలవ నీళ్ళ గురించి క్యాంపు ముసలాయన ఒకాయన ఆఫీసరుతో గట్టిగా పోట్లాడుతుంటే, మా వాళ్ళు "గుంటూరు పొమ్మను, ఆడ మస్తు నీళ్ళు" అని నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో నేనున్నాను, మా సాయిబులూ ఉన్నారు. ఆ రోజు ఆయన అడుగుతున్నది మా తూముకు కూడా వచ్చే నీళ్ళే. ఆ సంగతి మాకు తట్టనే లేదు.

ఇది ముప్పయ్యేళ్ళ కిందటి మాట, పిల్లతనం అని సర్దుకుందామనుకున్నాను. మొన్న యాసంగి నాట్లప్పుడు జరిగింది చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకుండదు.

ఇప్పుడు మా వైపు వరినాట్లకు బీహార్‌నుంచి ముఠాలు వస్తున్నాయి. మగవాళ్ళే నాటేస్తారు, ఎకరానికింతని గుత్త. ఈసారి ఒక ముఠాను భాయ్ మా పాత షెడ్డులో ఉంచి, బియ్యం, పప్పు ఇచ్చాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను. ఉర్దూ వచ్చు కాబట్టి వాళ్ళతో మాట్లాడే పని నాకే పడింది. మూడో రోజు పొద్దున ఇరవయ్యేళ్ళ కుర్రవాడొకడు వచ్చి, ఈ బియ్యంతో కడుపు నిండటం లేదు, పదకొండింటికల్లా ఆకలవుతోంది, ఉస్నా చావల్ ఇప్పించండి అన్నాడు. ఉస్నా అంటే ఉప్పుడు బియ్యం. యాసంగి వడ్లు పచ్చిబియ్యంగా పట్టిస్తే నూకవుతాయని మా మిల్లుల్లో ఉడికించి ఉప్పుడు బియ్యమే చేస్తారు. కానీ మేం తినం, బయటి రాష్ట్రాలకు పోతాయి. అది ఇంట్లో లేదు. నాకు ఆరోజు ఒక కాపీ పంపే తొందర ఉంది. కరెంటు లేదు. ఎంత మామూలుగా నోట్లోంచి వచ్చిందో, "పసంద్ నై తో జావో" అన్నాను.

కుర్రవాడు నా మొహం చూశాడు. చేతులు జోడించి నవ్వాడు. "నహీ సాబ్, చావల్ బహుత్ అచ్ఛా హై."

ఆ నవ్వును నేను అల్ ఖర్జ్‌లో చూశాను. నా మొహానా చాలాసార్లు పెట్టుకున్నాను. వాడు మడిలోకి దిగి పదిమంది వరసలో కలిసిపోయాక కూడా గట్టు మీదే నిలబడ్డాను. కాపీ పంపలేదు. వెనక్కి పిలిచి ఏమనాలి? మాఫ్ కరో అంటే దానికీ నవ్వుతాడు, అచ్ఛా హై సాబ్ అంటాడు. కూలి నా చేతిలో ఉన్నంతసేపూ నా మాఫీ కూడా వాడికి ఒక హుకుమే.

మధ్యాహ్నం భాయ్ మోటారు సైకిలు తీసుకుని మిల్లుకు పోయి ఒక ఉప్పుడు బియ్యం బస్తా వేసుకొచ్చాను. షెడ్డు ముందు దించితే ముఠా పెద్దమనిషి బస్తా విప్పి, గింజ కొరికి, తలూపాడు. కుర్రవాడు ఏమీ అనలేదు. రెండ్రోజులు నన్ను చూస్తే పక్కకు తప్పుకున్నాడు.

మూడో రోజు పొద్దుగూకినాక వాడే ఇంటి ముందుకొచ్చాడు. నవ్వలేదు. షెడ్డులో బల్బు మాడిపోయి నిన్నట్నుంచి చీకటిగా ఉందనీ, రాత్రి పాము కనబడిందనీ, భాయ్‌కి చెప్తే పట్టించుకోలేదనీ, ఇట్లాగైతే పడుకునేదెట్లా అనీ కాస్త గట్టిగానే అన్నాడు. అప్పుడే దస్తర్‌ఖాన్ ముందు కూచున్నాను, నాకు చిరాకే వేసింది. అమ్మీ లోపల్నుంచి ఎవరది అంది. ముద్ద కంచంలో వదిలేసి, బల్బు ఎక్కడ దొరుకుతుందా అని బజారు వైపు నడిచాను. ఊళ్ళో కొట్లు మూసేశారు. బాన్సువాడ పోవాల్సి వచ్చింది.